ఎకోలో వాల్వుకి కాల్షియం పట్టిందని వచ్చింది, డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి ఇది ఎంత ప్రమాదం?

కవిటి_కుర్రాడు
మా నాన్నకి 61 ఏళ్లు. నాలుగేళ్ల పైనుంచి డయాలసిస్, వారానికి రెండు సార్లు. మాది ఉద్దానం, కాబట్టి కిడ్నీ ఎందుకు పోయిందని అడగకండి, మా వీధిలో సగం ఇళ్లలో ఇదే కథ. షుగర్ లేదు, బీపీ ఉంది. మొన్న ఎకో తీయిస్తే "అయోర్టిక్ వాల్వు కాల్సిఫైడ్, మైల్డ్ స్టెనోసిస్, మైట్రల్ యాన్యులర్ కాల్సిఫికేషన్, ఈఎఫ్ 58" అని రాశారు. అంటే గుండెలోంచి రక్తం బయటికి వెళ్లే వాల్వుకి కాల్షియం పట్టి దారి కొద్దిగా సన్నబడింది, మైట్రల్ అనే ఇంకో వాల్వు అంచుకీ పట్టింది, గుండె రక్తాన్ని నెట్టే బలం (ఈఎఫ్) 58 శాతం అట. అక్కడే అడిగితే "వయసు కదా, మామూలే" అని కాగితం చేతిలో పెట్టారు. రాత్రి కూర్చుని నెట్‌లో చదివితే హాంకాంగ్‌లో చేసిన ఒక స్టడీ కనబడింది. వాల్వుకి కాల్షియం పట్టినవాళ్లలో ఏడాది తర్వాత బతికి ఉన్నది 70 శాతం, పట్టనివాళ్లలో 93 శాతం అట. అది చదివాక నిద్ర పట్టలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇది నిజంగా అంతేనా? చేయడానికి ఏమైనా ఉందా?

భీమిలి_సత్య
మా అత్తగారికి కూడా ఇలాగే వచ్చింది, మూడేళ్లయింది, ఇప్పటికీ పండక్కి అరిసెలు ఆవిడే వండుతుంది. ముందు ఆ నెట్ కట్టెయ్ తమ్ముడూ.

ఓపీ_రూమ్_3
నేను ఫిజిషియన్‌ని, నెఫ్రాలజిస్ట్‌ని కాదు, ఇది ముందే చెప్తున్నా. మీరు చదివిన స్టడీ 2003లో వచ్చింది. 192 మంది, అందరూ పొట్టలో ద్రవం పోసి చేసే పెరిటోనియల్ డయాలసిస్ వాళ్లు. మీ నాన్నగారిది మిషన్ మీద చేసేది. ఆ 70, 93 అంకెలు నిజమే గానీ, కాల్షియం పట్టిన గుంపులో ఉన్నవాళ్లకి వయసు ఎక్కువ, షుగర్ ఎక్కువ, అంతకుముందే గుండె జబ్బు ఉన్నవాళ్లూ ఎక్కువ. అవన్నీ లెక్కలోంచి తీసేశాక కూడా చనిపోయే ప్రమాదం సుమారు రెండున్నర రెట్లు మిగిలింది, కాబట్టి దాన్ని కొట్టిపారేయలేం. అలాగని అది మీ నాన్నగారి ఆయుష్షు లెక్క కూడా కాదు. ఒక గుంపుకి వచ్చిన సగటుని ఒక మనిషికి అంటించకూడదు.

"వయసు కదా, మామూలే" అన్నది మాత్రం నేను ఒప్పుకోను. కిడ్నీ బాగున్న 61 ఏళ్ల మనిషికి వాల్వు ఇలా అవడం అంత మామూలు కాదు. 2017లో వచ్చిన కేడిగో (కిడ్నీ జబ్బుల అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది, డయాలసిస్ పేషెంటుకి రక్తనాళాల్లోనో వాల్వుల్లోనో కాల్షియం కనబడితే గుండె విషయంలో అతన్ని అత్యధిక ప్రమాదం ఉన్నవాడిగా చూడాలి అని. భయపెట్టడానికి కాదు, మందుల ఎంపిక దాన్నిబట్టి మారుతుంది కాబట్టి. ఫాస్ఫరస్, కాల్షియం, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్), ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్) ఎంతున్నాయో పెట్టండి.

కవిటి_కుర్రాడు
@ఓపీ_రూమ్_3 సార్, పోయిన నెల రిపోర్టు: ఫాస్ఫరస్ 6.8, కాల్షియం 9.9, పీటీహెచ్ 710, ఆల్బుమిన్ 3.4, హిమోగ్లోబిన్ 9.1. మందులు కాల్షియం బిళ్లలు రోజుకి మూడు, కాల్సిట్రయాల్ (విటమిన్ డి) గోళీ ఒకటి, బీపీకి రెండు రకాలు.

యూనిట్_సిస్టర్
కాల్షియం బిళ్ల ఎప్పుడు వేసుకుంటున్నారు? ఇది ముందు చెప్పండి.

కవిటి_కుర్రాడు
రాత్రి పడుకునే ముందు మూడూ ఒకేసారి, అక్కా. గుర్తుంటుందని అలా అలవాటు.

యూనిట్_సిస్టర్
ఇదే నేను రోజూ చూసేది. నేను పన్నెండేళ్లుగా డయాలసిస్ యూనిట్‌లోనే ఉన్నాను, పది మందిలో ఆరేడుగురు ఇలాగే వేసుకుంటారు, ఎందుకంటే వాళ్లకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, చీటీ మీద "1-1-1" అని రాసి ఇచ్చేస్తారు. ఆ బిళ్ల ఎముకల బలానికి ఇచ్చింది కాదు తమ్ముడూ. అది ఫాస్ఫరస్ బైండర్. అన్నంలో ఉన్న ఫాస్ఫరస్‌ని పేగులోనే పట్టుకుని మలంలో బయటకి తీసుకుపోవాలి. అంటే కంచంలో అన్నం ఉన్నప్పుడే పని చేస్తుంది, నాలుగు ముద్దలు తిన్నాక మధ్యలో వేసుకోవాలి. ఖాళీ కడుపుతో రాత్రి మూడూ వేసుకుంటే ఫాస్ఫరస్ ఎక్కడిదక్కడే ఉంటుంది, బిళ్లలోని కాల్షియం మాత్రం రక్తంలోకి ఎక్కుతుంది, పైన కాల్సిట్రయాల్ దాన్ని ఇంకా లాక్కుంటుంది. రక్తంలో ఫాస్ఫరస్సూ ఎక్కువై, కాల్షియమూ ఎక్కువైతే వెళ్లి చేరేది ఇలాంటి చోట్లే.

మందు మీ అంతట మీరు ఆపొద్దు, మార్చొద్దు. టైము మాత్రం ఇవాళే మార్చొచ్చు, రేపు యూనిట్‌లో డాక్టరుకి చెప్పండి.

మలక్‌పేట_రహీం
పన్నెండేళ్లు డయాలసిస్ సిస్టరా, సలాం అమ్మా మీకు. మాకు ఏడేళ్లు అయినా ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. నేనూ రాత్రే వేసుకుంటా.

గుంటూరు_లక్ష్మి
నాకో డౌటు. కాల్షియం పేరుకుంది అంటున్నారు, మరి కాల్షియం తినడం మానేస్తే పోదా? మా ఆయనకి పాలు, పెరుగు అన్నీ ఆపేశాను.

ఓపీ_రూమ్_3
@గుంటూరు_లక్ష్మి గారూ, పోదండీ. కుళాయికి ఉప్పునీళ్ల పొలుసు కట్టినట్టు కాల్షియం ఊరికే వచ్చి అంటుకోదు. రక్తంలో ఫాస్ఫరస్ చాలా కాలం ఎక్కువగా ఉంటే వాల్వులోని కణాలే, రక్తనాళం గోడలోని కణాలే, ఎముక తయారుచేసే కణాల్లా మారిపోతాయి. అంటే శరీరం అక్కడ ఒక రకంగా ఎముక కట్టుకుంటోంది. మామూలుగా దీన్ని అడ్డుకునే ప్రోటీన్లు మన ఒంట్లో కొన్ని ఉంటాయి, కిడ్నీ ఫెయిల్యూర్‌లో వాటి బలం తగ్గుతుంది. అందుకే ఒకసారి పట్టిన దాన్ని కరిగించే మందు ఇవాళ్టికి లేదు. పెరగడాన్ని నెమ్మదింపజేయడమే మన చేతిలో ఉన్నది.

పెరుగు పూర్తిగా ఆపడం గురించి డైటీషియన్‌ని అడగండి. డయాలసిస్‌లో ఉన్న మనిషికి కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. అన్నీ ఆపేసి ఆల్బుమిన్ పడిపోయిన పేషెంట్లు వాల్వు వల్ల కాదు, ఇన్‌ఫెక్షన్లతో పోవడం చూశాను.

కాకినాడ_మూర్తి
నేను ఒప్పుకోను. మా బావమరిది అన్నీ మానేసి, రెండు పూటలా జావ, ఉడికించి నీళ్లు పారబోసిన కూరలు, అంతే. ఫాస్ఫరస్ 7 నుంచి 4కి వచ్చింది. నోరు కట్టుకోకుండా మందులతో ఎవరికీ తగ్గదు.

యూనిట్_సిస్టర్
@కాకినాడ_మూర్తి గారూ, మరి ఆయన బరువు ఎంత తగ్గింది? డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు) ఎన్నిసార్లు కిందికి దించారు? తినకపోతే ఫాస్ఫరస్ తగ్గుతుంది, కండ కూడా తగ్గుతుంది.

కాకినాడ_మూర్తి
బరువు తగ్గిన మాట నిజమే. తొమ్మిది కిలోలు. దానికి దీనికి సంబంధం ఉందని మాకు చెప్పలేదు. కనుక్కుంటాను.

హోమ్‌పీడీ_పద్మ
తిండి గురించి నేను కొంచెం చెప్తాను, నేనే పేషెంటుని కాబట్టి. అన్ని ఫాస్ఫరస్‌లూ ఒకటి కాదు. కందిపప్పు, పెసరపప్పు, శనగలు వీటిలో ఉన్నది మొక్క లోపల ఫైటేట్ రూపంలో ఉంటుంది, మన పేగు అందులో సగం దాకానే తీసుకుంటుంది. ప్యాకెట్ సరుకుల్లో, నల్ల కూల్‌డ్రింకుల్లో, చీజు ముక్కల్లో, మసాలా పట్టించి అమ్మే ఫ్రోజెన్ చికెన్‌లో కలిపే ఫాస్ఫేటు దాదాపు మొత్తం ఒంటికి పట్టేస్తుంది. మా ఇంట్లో పప్పు ఆపించి, పిల్లలతో పాటు నాకూ కోలా పోసేవాళ్లు. ఇప్పుడు తిరగబడింది. పప్పు కొలిచి తింటాను, సీసా ఇంటికి రాదు. గుడ్డులో తెల్లసొన తింటాను, పచ్చసొన మా అబ్బాయికి. ఎండు చేపలు మాత్రం వదిలేశాను, ముళ్లతో సహా నమిలేస్తాం కాబట్టి అందులో ఫాస్ఫరస్ ఎక్కువ, పైగా ఉప్పు. అది చాలా కష్టంగా అనిపించింది.

భీమిలి_సత్య
ఎండు చేపలు వదలమంటే మా భీమిలిలో డాక్టరునే వదిలేస్తారు పద్మక్కా :)

కవిటి_కుర్రాడు
నాన్న తాంబూలం వేస్తారు, రోజుకి ఆరేడు సార్లు. సున్నం రాసుకుంటారు. అది కూడా లెక్కలోకి వస్తుందా? పిచ్చి ప్రశ్న అయితే క్షమించండి.

ఓపీ_రూమ్_3
చాలా మంచి ప్రశ్న అది. ఆకుకి రాసే సున్నం కాల్షియం హైడ్రాక్సైడే. సున్నంతో ఎక్కువగా తాంబూలం వేసేవాళ్లలో రక్తంలో కాల్షియం పెరిగి ఆసుపత్రికి వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. మీ నాన్నగారి కాల్షియం 9.9 మరీ ఎక్కువ కాదు గానీ, బిళ్లలు, కాల్సిట్రయాల్, సున్నం మూడూ కలిస్తే నెఫ్రాలజిస్టుకి తెలియాలి. పేషెంట్లు దీన్ని "మందు" అనుకోరు కాబట్టి చెప్పరు, మేమూ అడగం. ఇక నుంచి నేను అడుగుతాను.

డాలస్_శేఖర్
ఇక్కడ మా నాన్నకి కాల్షియం లేని బైండర్, సెవెలమర్ ఇస్తున్నారు. వాల్వుకి కాల్షియం కనబడగానే మార్చేశారు. మీవాళ్లకీ అదే రాయించండి, కాల్షియం బిళ్లలు విషం.

ఓపీ_రూమ్_3
@డాలస్_శేఖర్ "విషం" అనేది పెద్ద మాట. విషయం ఇదీ. 2002లో 200 మంది మీద చేసిన ట్రయల్‌లో సెవెలమర్ వాడినవాళ్లకి గుండె రక్తనాళాల్లో, బృహద్ధమనిలో కాల్షియం పెరగడం ఆగింది, కాల్షియం బిళ్లలు వాడినవాళ్లకి పెరిగింది. అందరం సంబరపడ్డాం. తర్వాత 2007లో రెండు వేల మందికి పైగా పేషెంట్లతో పెద్ద ట్రయల్ వచ్చింది, మరణాలు తగ్గుతాయా అని చూస్తే మొత్తం మీద తేడా తేలలేదు, 65 దాటినవాళ్లలో మాత్రం కొంత మేలు కనబడింది. అంటే స్కానులో బాగుండటం, మనిషి ఎక్కువ కాలం బతకడం ఒకటే కాదు.

అయినా ఇప్పటికే వాల్వుకి పట్టి ఉన్న పేషెంటుకి కాల్షియం బిళ్లల మోతాదు తగ్గించడం, కుదిరితే మార్చడం సబబే. మార్గదర్శకాలు కూడా కాల్షియం ఉన్న బైండర్ మోతాదుకి హద్దు పెట్టమనే అంటున్నాయి. ధర తేడా ఉంది, అది ఇక్కడి వాళ్లకి చిన్న విషయం కాదు.

డాలస్_శేఖర్
సరే, విషం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే పీటీహెచ్ 710 సంగతి? దాన్ని తగ్గించే సినాకాల్సెట్ ఇస్తే గుండె బాగుంటుందని ఇక్కడ అందరూ అంటారు.

ఓపీ_రూమ్_3
దాని మీద 2012లో 3,883 మందితో పెద్ద ట్రయల్ వచ్చింది. మరణం, గుండెపోటు లాంటివన్నీ కలిపి చూస్తే తేడా కచ్చితంగా తేలలేదు. పీటీహెచ్ మరీ పెరిగిపోతుంటే వాడాల్సిన మందే, గుండెకి కవచం అని మాత్రం చెప్పలేం. కొలెస్టరాల్ మందులతో వాల్వు బిగుసుకోవడం ఆగుతుందనీ ఒకప్పుడు ఆశ పెట్టుకున్నాం, ట్రయల్స్‌లో అదీ నిలబడలేదు.

విజయనగరం_ప్రకృతి
ఇన్ని ఇంగ్లీషు మందుల కన్నా విటమిన్ కే2 వాడండి, కాల్షియంని గుండెలోంచి తీసి ఎముకకి పంపుతుంది. ఎంతో మంది వాడుతున్నారు.

హోమ్‌పీడీ_పద్మ
కే2 నేనూ ఆశగా చదివాను. రక్తపరీక్షలో ఒక ప్రోటీన్ అంకె బాగుపడుతుంది గానీ, డయాలసిస్ వాళ్లలో కాల్షియం పెరగడం ఆగిందని ట్రయల్స్‌లో తేలలేదు. మా డాక్టరమ్మ ఇదే చెప్పింది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు చెప్పకుండా కే2 వేసుకుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా.

మలక్‌పేట_రహీం
వార్ఫరిన్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా అమ్మీకి గుండె కొట్టుకోవడం లయ తప్పిందని వార్ఫరిన్ ఇస్తున్నారు, డయాలసిస్ కూడా ఉంది. అది కాల్షియం పెంచుతుందా?

ఓపీ_రూమ్_3
పెంచే అవకాశం ఉంది. కాల్షియం పట్టకుండా కాపాడే ప్రోటీన్ ఒకటి పని చేయాలంటే విటమిన్ కే కావాలి, వార్ఫరిన్ పని చేసేదే విటమిన్ కేని అడ్డుకుని. కానీ దయచేసి మీ అంతట మీరు ఆపకండి, పక్షవాతం వస్తే అది ఇంకా పెద్ద నష్టం. వేరే మందు కుదురుతుందా అని కార్డియాలజిస్టునీ నెఫ్రాలజిస్టునీ అడగండి. లోహపు వాల్వు పెట్టించుకున్నవాళ్లకి మాత్రం వార్ఫరిన్ తప్పదు, కొత్త మందులు వాళ్లకి పనికిరావు. వార్ఫరిన్ వాడే డయాలసిస్ పేషెంటుకి చర్మం మీద బాగా నొప్పి పెట్టే నల్లని మచ్చలు, పుండ్లు కనబడితే ఆ రోజే చూపించండి.

ఎకో_టెక్నీషియన్_వైజాగ్
నేను ఎకోలు తీస్తాను, ఒక మాట చెప్పాలి. చాలామంది డయాలసిస్‌కి వెళ్లే ముందు రోజు, ఒంట్లో మూడు నాలుగు లీటర్ల నీరు ఉండగా వస్తారు. అప్పుడు గుండె పెద్దదిగా కనబడుతుంది, లీకులు ఎక్కువ కనబడతాయి. రక్తహీనత ఉన్నా, ఫిస్టులాలో (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో కలిపిన రక్తనాళం) ప్రవాహం ఎక్కువున్నా వాల్వు మీద రక్తం వేగం పెరుగుతుంది. కాబట్టి డయాలసిస్ అయిన మర్నాడు, డ్రై వెయిట్‌కి దగ్గరగా ఉన్నప్పుడు తీయించండి, తర్వాతి ఏడాదీ అలాగే తీయించండి, అప్పుడే పోల్చి చూడటానికి పనికొస్తుంది. రిపోర్టులో ఈఎఫ్ ఒక్కటే చూసి మడిచి పెట్టకండి. అయోర్టిక్ వాల్వు వేగం సెకనుకి 2 నుంచి 3 మీటర్ల లోపు ఉంటే మైల్డ్, 4 దాటితే సివియర్. వాల్వు దారి 1 చదరపు సెంటీమీటరు కన్నా తక్కువైతే సివియర్. ఈ రెండు అంకెలు లేకపోతే అడిగి రాయించుకోండి.

కవిటి_కుర్రాడు
వేగం 2.4 అని ఉంది సార్. తీసింది డయాలసిస్ రోజు పొద్దున్నే, మిషన్ ఎక్కకముందు.

ఎకో_టెక్నీషియన్_వైజాగ్
అయితే నిజంగా ఇంకొంచెం తక్కువే ఉండొచ్చు. మీది ఇంకా మొదటి దశ తమ్ముడూ. కాకపోతే డయాలసిస్ వాళ్లకి ఇది మామూలు వాళ్ల కన్నా తొందరగా బిగుస్తుంది. మళ్లీ ఎప్పుడు తీయాలో డాక్టరుతో రాయించుకోండి.

ఒంగోలు_శ్రీను
మా చిన్నాన్నకి సివియర్ అయ్యేదాకా ఎవరూ చూసుకోలేదు. ఆయనకి మిషన్ మీద కూర్చుంటే గంటకే బీపీ పడిపోయేది, కళ్లు తిరిగేవి, సెలైన్ పెట్టేవాళ్లు, నీరు పూర్తిగా తీయకుండానే దింపేసేవాళ్లు. రాత్రికి ఆయాసం. అందరూ "డయాలసిస్ పడట్లేదు" అనుకున్నారు. వాల్వు దారి సన్నబడిపోయి గుండె నెట్టలేకపోతోందని ఆరు నెలల తర్వాత తెలిసింది. తొడ దగ్గరి రక్తనాళంలోంచి వాల్వు పెట్టే టావీ చేయొచ్చు అన్నారు, ఖర్చు లక్షల్లో. డబ్బు కూడబెట్టే లోపే పోయారు. అందుకే రాస్తున్నా, మిషన్ మీద మాటిమాటికీ బీపీ పడిపోతుంటే ఎకో అడగండి. సిగ్గుపడకండి, గట్టిగా అడగండి.

యూనిట్_సిస్టర్
@ఒంగోలు_శ్రీను చాలా బాధగా ఉంది తమ్ముడూ. నువ్వు రాసింది మా యూనిట్‌లో కొత్త పిల్లలకి చదివి వినిపిస్తాను.

గుంటూరు_లక్ష్మి
వాల్వు మార్చాల్సి వస్తే ఏ రకం మంచిది? లోహపుదా, జంతువుదా?

ఓపీ_రూమ్_3
డయాలసిస్ వాళ్లలో జంతువు కణజాలంతో చేసిన వాల్వు తొందరగా గట్టిపడుతుందని ఒకప్పుడు దాన్ని వద్దనేవాళ్లు. 2002లో అమెరికా డయాలసిస్ పేషెంట్ల రికార్డులు చూస్తే, రెండు రకాలకీ రెండేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు దాదాపు ఒకే శాతం, 40కి దగ్గర. అవి పాత రోజుల లెక్కలు, ఓపెన్ సర్జరీవి. లోహపుదైతే జీవితాంతం వార్ఫరిన్, ఫిస్టులా దగ్గర రక్తం ఆగకపోవడం. మనిషిని బట్టి నిర్ణయించాలి.

హోమ్‌పీడీ_పద్మ
వారానికి రెండు సార్లే అన్న దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. ఒక సెషన్‌లో నాలుగు గంటలకి సుమారు 800 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ పోతుంది. మామూలుగా తినే మనిషి ఒంట్లోకి వారానికి నాలుగు గ్రాములు చేరుతుందనుకోండి, మూడు సెషన్లకి రెండున్నర పోతుంది, మిగతాది బైండర్ చూసుకోవాలి. రెండు సెషన్లయితే ఒకటిన్నరే. అలాంటప్పుడు ఎన్ని బిళ్లలు మింగినా చాలవు.

కవిటి_కుర్రాడు
అక్కా, మూడోది చేయించడానికి డబ్బు సమస్య కాదు, ప్రభుత్వ పథకం ఉంది, నెలకి 10 వేలు పింఛను కూడా వస్తుంది. స్లాటు దొరకాలి, తోడు వెళ్లడానికి మనిషి కావాలి. నేను విశాఖలో పని చేస్తాను. అమ్మ ఒక్కతే ఆటోలో తీసుకెళ్లాలి.

కంచిలి_జగన్నాథం
మీ నాన్నది ఏ సెంటరు? మాది పక్క మండలమే. మా అన్నయ్యకి మూడో సెషన్ కోసం రెండు నెలలు తిరిగాం, చివరికి రాత్రి షిఫ్టులో దొరికింది. నలుగురం కలిసి ఒక వ్యాను మాట్లాడుకున్నాం, అందులో ఒక సీటు ఖాళీ ఉంది. మీ అమ్మగారు కూడా రానక్కర్లేదు, మేం చూసుకుంటాం. నాకు మెసేజ్ పెట్టు.

మలక్‌పేట_రహీం
జగన్నాథం భాయ్, దిల్ ఖుష్ చేశావ్.

డాలస్_శేఖర్
కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్‌కి జీవన్‌దాన్‌లో (ప్రభుత్వ అవయవదాన పథకం) పేరు రాయించారా? వాల్వు సమస్య ఉంటే తీసుకోరని ఎవరో అన్నారు, నిజమా?

ఓపీ_రూమ్_3
మైల్డ్ ఉంటే అది అడ్డం కాదు. సివియర్ అయి, ఆయాసం లాంటి లక్షణాలు ఉంటే ముందు వాల్వు సంగతి చూసి తర్వాత కిడ్నీ అంటారు. కాబట్టి రాయించాల్సింది ఇప్పుడే, వాల్వు బాగుండగానే. తగిన పేషెంటుకి డయాలసిస్ మీద కన్నా ట్రాన్స్‌ప్లాంట్‌తో ఆయుష్షు ఎక్కువ, ఇందులో సందేహం లేదు.

కవిటి_కుర్రాడు
నిన్న నాన్నని తీసుకుని నెఫ్రాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను, మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని. తాంబూలం సంగతి చెప్తే ఆయన కలం పక్కన పెట్టి నాన్న వైపు చూశారు. కాల్సిట్రయాల్ ప్రస్తుతానికి ఆపారు. కాల్షియం ఒక్కటే బిళ్ల, మధ్యాహ్నం అన్నంలో, మిగతా రెండు పూటలా సెవెలమర్. నెల తర్వాత ఫాస్ఫరస్, పీటీహెచ్ మళ్లీ చూస్తామన్నారు. ఏడాదికోసారి ఎకో, డయాలసిస్ మర్నాడే. డయాలిసేట్‌లో (డయాలసిస్ మిషన్‌లో వాడే ద్రవం) కాల్షియం ఎంత వాడుతున్నారో కూడా యూనిట్‌ని అడుగుతానన్నారు. జీవన్‌దాన్ కాగితాలు మొదలుపెట్టమన్నారు. జగన్నాథం అన్నయ్య ఫోన్ చేశారు, వచ్చే సోమవారం నుంచి వ్యాన్‌లో సీటు.

నాన్న మాత్రం సున్నం లేకుండా ఆకు ఎలా వేసుకోవాలిరా అని నా మీద కోపంగా ఉన్నారు.

యూనిట్_సిస్టర్
సెవెలమర్ కూడా భోజనంతోనే, నమలకుండా మింగాలి. మొదట్లో కడుపు ఉబ్బరం, మలబద్ధకం రావచ్చు, వస్తే మానెయ్యకుండా డాక్టరుకి చెప్పండి. ఫ్రిజ్ మీద చీటీ అంటించు, అమ్మకి కనబడేలా. సోమవారం వ్యాను ఎన్ని గంటలకి?

కంచిలి_జగన్నాథం
సాయంత్రం అయిదున్నరకి కవిటి జంక్షన్ దగ్గర. రగ్గు ఒకటి తెచ్చుకోమనండి, యూనిట్‌లో ఏసీ ఎక్కువ.